బుర్రా వారి కెమెరా సంబంధం

ములగపాడులో బుర్రా వారిల్లు ఎక్కడని అడిగితే పసిపిల్లలు కూడా నవ్వుతూ చెయ్యి చూపిస్తారు. ఆ నవ్వు గౌరవంతో వచ్చిందేనని బుర్రా వారి గట్టి నమ్మకం.

"లోకంలో ఎవరికైనా బుర్ర మెడమీద ఒక్కటే. మనకి ఇంటిపేరులో ఇంకోటి ఉంది. రెండు బుర్రల వంశం మనది!" అనేవాడు ఇంటికి పెద్దవాడు సోమలింగం.

"అందుకే అన్నయ్యా, ఒకదానితో ఆలోచించకపోయినా ఇంకోటి ఉందిలే అని ధైర్యంగా ఉంటాం," అనేవాడు పెళ్ళికాని తమ్ముడు జోగినాథం.

ఆ ఇంటి కోడలు సోమలింగం భార్య అలివేలు. పూజ కాకుండా పచ్చి మంచినీళ్ళు ముట్టని ఇల్లాలు. వంశంలో ఎవరు ఏ తిథిన పుట్టారో, ఎవరి సీమంతానికి ఎన్ని గారెలు వండారో అన్నీ ఆమె నోటిమీదే ఉంటాయి. ఈ ఇంటి జ్ఞాపకాలన్నీ దేవుడు తన చేతిలో పెట్టాడని ఆమెకి లోలోపల కాస్త గర్వం కూడాను.

మామగారు కాలం చేసినప్పుడు గోడకి తగిలిద్దామంటే ఆయన ఫోటో ఒక్కటీ లేదు. అందరూ తెల్లమొహాలు వేస్తే అలివేలుకే ఉపాయం తట్టింది. "ఆయన లేకపోతేనేం, ఆయన చూపు ఉందిగా!" అంది. అంతే, మేకు కొట్టి మామగారి కళ్ళజోడు తగిలించారు. రెండు అద్దాలకీ మధ్యన బొట్టు పెట్టి, పైన దండ వేశారు. రోజూ నైవేద్యం చూపించే ముందు అలివేలు ఆ అద్దాలు తుడిచేది, ఏం వండిందో ఆయనకి సరిగ్గా కనపడాలని.

ఒకనాటి పొద్దున అత్తగారు బంగారమ్మ అడిగింది. "ఏమే అలివేలూ, ఆయనకంటే కళ్ళజోడుంది. రేపు నేను పోతే ఏం తగిలిస్తావే?"

అలివేలు చూపు మెల్లిగా గ్లాసులో నానుతున్న కట్టుడుపళ్ళ మీదకి పోయింది.

"ఆ చూపు తిప్పు!" అని గసిరింది బంగారమ్మ. "పళ్ళసెట్టుకి దండేసి దణ్ణం పెడతారా? నాకు నా మొహం కావాలి. ఉన్న ఒక్క మొహమూ గుర్తుంచుకోలేరా?"

అలివేలు గుండె కలుక్కుమంది. కళ్ళు మూసుకుని మామగారి ముక్కు ఎలా ఉండేదో తలుచుకుంది. కళ్ళజోడే కనపడింది. దాని వెనకాల ఏమీ లేదు. గారెల లెక్క కూడా మర్చిపోని తాను ఆ పెద్దాయన మొహాన్ని పోగొట్టుకుంది! "రామా, ఈవిడ మొహమైనా దక్కించు," అని కళ్ళొత్తుకుంది.

ఇంకేముంది, కెమెరా కొనాలని తీర్మానమైంది. అన్నదమ్ములిద్దరూ బస్తీకి వెళ్ళి, ఫోటో స్టూడియో మస్తాన్‌గారిని సలహా అడిగారు. ఆయన ఓపికగా చెప్పాడు. "కెమెరా కొనడమంటే సంబంధం కలుపుకోవడం లాంటిదండీ. ఒక కంపెనీది తీసుకున్నాక లెన్సులన్నీ దానివే కొనుక్కోవాలి, ఇంకోరివి అతకవు. తొందరపడితే జన్మంతా బాధే. దూరదృష్టితో చూడండి. పదేళ్ళ తరవాత ఏం ఫోటోలు తీస్తారో ఇప్పుడే ఆలోచించుకోండి."

అన్నదమ్ములు ఇంటికొచ్చి ఆలోచనలో పడ్డారు.

"పదేళ్ళ తరవాత నా కొడుకు అక్షరాభ్యాసం ఫోటో తీస్తాను," అన్నాడు జోగినాథం.

"నీకు పెళ్ళే కాలేదు కదయ్యా!" అంది అలివేలు.

"అదే వదినా, ముందు కెమెరా ఉంటే వెనకాల పెళ్ళాం తనే వస్తుంది. దూరదృష్టి అంటే అదే!"

దూరదృష్టి అనేసరికి సోమలింగం తొడ చరిచాడు. "నాన్నగారి కళ్ళజోడు దూరపు చూపుకే కదూ!" అంతే, గోడమీది కళ్ళజోడు తీసి, దండతో సహా పెట్టుకున్నాడు. గడప ఎక్కడో ఉందనుకుని ఇక్కడున్న గడపకి తన్నుకుని బోర్లా పడ్డాడు. "చూశారా, ఎంత దూరం కనిపిస్తోందో! కాళ్ళ దగ్గరిది కనపడితే అది దూరదృష్టి ఎలా అవుతుంది?" అన్నాడు నేలమీంచే.

మస్తాన్‌గారు సంబంధం అన్నాడు కనక పెళ్ళిచూపులు జరగాలిగా. మంచిరోజు చూసి, కెమెరా పట్టుకుని రమ్మని ఆయనకి కబురంపారు. ఆయన రెండు సంచులు తగిలించుకుని వచ్చేసరికి గుమ్మానికి తోరణం, చాపమీద పళ్ళెంలో పసుపూ కుంకుమా, అరటిపళ్ళూ!

సోమలింగం కళ్ళజోడు సవరించుకుని, అరటిపళ్ళకేసి చూస్తూ, "పిల్ల కొంచెం పచ్చగా ఉంది. పాడుతుందా?" అన్నాడు.

"కెమెరా ఇటుందండీ. పాడదు కానీ వీడియో తీస్తుంది," అన్నాడు మస్తాన్‌గారు బిత్తరపోతూ. తరవాత ఒక సంచి విప్పి, "ఇదిగో, బాడీ ఇక్కడ పెడుతున్నాను. ఇది నాలుగేళ్ళు ఢోకా లేకుండా వస్తుంది," అన్నాడు.

"బాడీయా!" అని కెవ్వుమంది అలివేలు. "శుభమా అని చూపులు పెట్టుకుంటే ఇంట్లోకి బాడీ తెస్తారా!" అంతే, నూతి దగ్గరికి పరిగెత్తి చీరతోనే నాలుగు చేదలు గుమ్మరించుకుంది. ఆమెని చూసి జోగినాథం, అతన్ని చూసి సోమలింగం కూడా స్నానం చేసేశారు. మస్తాన్‌గారు కాక చెయ్యని వాళ్ళిద్దరే, బంగారమ్మా కెమెరానూ. జోగినాథం కెమెరాకి కూడా చెంబు ఎత్తాడు కానీ మస్తాన్‌గారు దాన్ని కడుపుకి అదుముకుని గుమ్మం దాకా పారిపోయాడు.

"అమ్మగారూ, బాడీ అంటే కెమెరా ఒళ్ళు! లెన్సు అంటే కన్ను! నాలుగేళ్ళకో బాడీ మారుతుంది, మంచి లెన్సు మాత్రం ఎప్పటికీ ఉంటుంది!" అని అరిచాడు అక్కణ్ణుంచే.

తడిబట్టలతోనే అలివేలు రెండు చేతులూ జోడించింది. "ఒళ్ళు పోతుంది, లోపలిది ఉంటుంది. ఎంత గొప్ప మాట! మా హరికథ దాసుగారు మూడు రాత్రులు చెప్పింది మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు." ఆ మాటతో సంబంధం ఖాయమైపోయింది.

"సరే, బామ్మగారిని కూర్చోబెట్టండి. ఫోటో తీద్దాం," అన్నాడు మస్తాన్‌గారు.

ఇంకేముంది, జోగినాథం స్టూలెక్కి గోడమీది రాములవారి ఫోటో తీసేశాడు. సోమలింగం వెంకటేశ్వరస్వామి ఫోటో తీశాడు. "ఇంక తీయడానికి లేవండీ, క్యాలెండరు తీయమంటారా?" అని అడిగాడు.

"బుర్రా వారి బుర్రలు!" అంది బంగారమ్మ. "వీటికంటే గుమ్మడికాయలు నయం, పులుసులోకైనా పనికొస్తాయి. ఇంతకీ నేనేం చెయ్యాలి నాయనా?"

"ఏం లేదు బామ్మగారూ. పళ్ళు బాగా కనపడేలా నవ్వండి చాలు."

బంగారమ్మ బుద్ధిగా తలూపి, కట్టుడుపళ్ళు ఊడదీసి, చీరచెంగుతో తుడిచి, మొహం పక్కన పెట్టి చూపించింది. ఖాళీ నోటితో హాయిగా నవ్వింది. మస్తాన్‌గారు నవ్వాపుకుంటూ కెమెరా ఎత్తాడు. "అలాగే ఉండండి! ఎవరూ కదలకండి!" అని నొక్కాడు. క్లిక్కుమంది. చూసుకుని మురిసిపోయి, లెన్సుకి మూత బిగించి, కెమెరా చాపమీద పెట్టి, బస్సుకి టైమైందని గబగబా వెళ్ళిపోయాడు.

కదలకండి అన్నాడు కానీ, కదలమనలేదుగా. అంతే, నలుగురూ అలాగే ఉండిపోయారు. పొయ్యిమీద పాలు పొంగాయి, మాడాయి. పిల్లి వచ్చి గిన్నె నాకింది. అలివేలు కళ్ళతోనే దాన్ని అదిలించింది. మరిచిపోయిన గొడుగు కోసం పొద్దువాలుతుండగా మస్తాన్‌గారు తిరిగొచ్చేసరికి బంగారమ్మ చేతిలో పళ్ళసెట్టు అలాగే ఉంది.

"అయ్యో, కదలండమ్మా కదలండి!" అని ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "ఇంకేం బెంగలేదు. బామ్మగారు ఈ కెమెరాలో భద్రంగా ఉన్నారు." అలివేలుకి అందులో చూపించాడు కూడా. అరచేతంత వెలుగులో అత్తగారు, ముక్కు, ముడతలు, బోసినవ్వు, పక్కన పళ్ళు. ఏదీ తప్పిపోలేదు. అలివేలు కళ్ళ వెంట బొటబొటా నీళ్ళు కారాయి.

"రేపు స్టూడియోకి తెస్తే బయటికి తీసి కాగితం మీద వేసిస్తాను," అన్నాడాయన.

"బయటికి తీస్తారా?" అలివేలు కెమెరాని గుండెకి హత్తుకుంది. "భద్రంగా ఉన్నారన్నారుగా బాబూ! వద్దు, కదిలించొద్దు."

మర్నాడు కళ్ళజోడు మళ్ళీ గోడకెక్కించి, దాని పక్కనే ఇంకో మేకు కొట్టి కెమెరా తగిలించారు. బొట్టు పెట్టారు, చిన్న దండ కూడా వేశారు. అలివేలు రెండిటికీ దణ్ణం పెట్టుకుని, పులిహోర నైవేద్యం చూపించి, తృప్తిగా నిట్టూర్చింది.

కింద చాపమీద కూర్చుని అదే పులిహోర తింటున్న బంగారమ్మ తలెత్తి గోడకేసి ఒక్క క్షణం చూసింది.

"అలివేలూ, దాని మూత తియ్యవే," అంది. "లోపల నాకు గాలాడుతోందో లేదో!"