జటాంబరుడి తోటలో పూయని చెట్టు

మన తాతల తాతలు ఇంకా ఊయల్లో ఊగుతున్న కాలంలో ఒక రాజుగారుండేవారట. ఆయనకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడు ఉదయసేనుడు.

ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో, జటాంబరుడనే మాంత్రికుడికి పెద్ద తోట ఉండేది. లోకంలో ఎన్ని రకాల చెట్లున్నాయో అన్నీ అందులో ఉన్నాయి. ఏటా వసంతంలో ఒక్క రోజు ఆ తోట తలుపులు తీసేవాడు. "కళ్లారా చూడండి. కోశారో, చెట్టైపోతారు!" అని చాటింపు వేయించేవాడు.

ఒక వసంతంలో పెద్దన్న వెళ్లి పువ్వు కోశాడు, తిరిగి రాలేదు. మరో వసంతంలో రెండో అన్న వెళ్లి పండు కోశాడు, తిరిగి రాలేదు. మూడో వసంతంలో ఉదయసేనుడు తల్లికి దండం పెట్టి ఓడెక్కాడు. ఆరో సముద్రంలో ఒక ఉడత కొబ్బరికాయ మీద కూర్చుని కొట్టుకుపోతోంది. చెయ్యి చాచి పైకి తీశాడు.

"నీ మేలు మరవను, రాకుమారా," అంది ఉడత, తోక దులుపుకుంటూ.

తోటలో ఆ రోజు తిరునాళ్లలా ఉంది. చద్దిమూటలు విప్పుకుని జనం సంపెంగల నీడన కూర్చున్నారు. పిల్లలు రాలిన మోదుగుపూలు తొక్కుతూ పరుగులు పెడుతున్నారు. ఉదయసేనుడికి అవేవీ కంటికి ఆనలేదు. ఉడతను భుజాన ఎక్కించుకుని తిన్నగా మాంత్రికుడి దగ్గరికి వెళ్లాడు.

"అయ్యా, మా అన్నలను ఇచ్చెయ్యండి."

"పొద్దుగూకేలోగా మూడు పనులు చెయ్యి," అన్నాడు జటాంబరుడు. "మీ పెద్దన్న ఏ చెట్టో చెప్పు. రెండో అన్న ఏ చెట్టో చెప్పు. అదిగో, ఏనాడూ పూయని ఆ చెట్టును పూయించు. చేతకాకపోతే నువ్వూ చెట్టువే."

పెద్దన్నకు చక్కిలిగింతలెక్కువ. ఉడత చెట్టు చెట్టుకూ ఎక్కి తోకతో రాసింది. ఒక పొగడచెట్టు పకపకా ఊగి పూలన్నీ రాల్చేసింది. "ఇతడే మా పెద్దన్న!"

రెండో అన్నది వెన్నలాంటి మనసు. ఉదయసేనుడు తోటంతా తిరుగుతూ, "అన్నా, అమ్మ ఇంకా నీకు విస్తరి వేస్తూనే ఉంది," అన్నాడు. ఒక నేరేడుచెట్టు ఆకులు తడితడిగా జలజలా రాలాయి. ఉదయసేనుడు దాన్ని కావలించుకుని తనూ ఏడ్చాడు.

ఇక పూయని చెట్టు. నీళ్లు పోశాడు, పాట పాడాడు, బతిమాలాడు. ఊహూఁ. పొద్దు వాలుతోంది.

అంతలో ఉడత తాటిచెట్టు కొసనున్న పంజరాన్ని తాడు కొరికి దించేసింది. లోపల ఒక చిలక.

"మాంత్రికుడి ప్రాణం నేనే," అంది చిలక. "నన్ను చంపితే అతడు చస్తాడు గానీ, చెట్లు చెట్లుగానే ఉండిపోతాయి. తన చేత్తో నన్ను వదిలితేనే మంత్రం వీడుతుంది. ఆ పూయని చెట్టు అతడి కూతురు లవంగి. చిన్నప్పుడు తెలియక ఒక మల్లెమొగ్గ తుంచింది."

ఉదయసేనుడికి కోపం పోయి జాలి కలిగింది. పంజరం తీసుకెళ్లి మాంత్రికుడి చేతుల్లోనే పెట్టాడు.

జటాంబరుడు పంజరాన్ని గుండెకు హత్తుకున్నాడు. "వదిలితే ఏ డేగో తన్నుకుపోతుంది. నేను పోతే నా బిడ్డకు నీళ్లెవరు పోస్తారు, బాబూ?"

"మనిషైతే తనే తాగుతుంది కదా, అయ్యా," అన్నాడు ఉదయసేనుడు మెల్లగా.

ముసలాయన చాలాసేపు ఆ చెట్టు వంకే చూశాడు. తర్వాత కళ్లు గట్టిగా మూసుకుని పంజరం తలుపు తీశాడు. చిలక ఎగిరి వెళ్లి పూయని చెట్టు మీద వాలింది. కొమ్మకొమ్మా తెల్లగా విచ్చుకుంది. ఆ పూలలోంచి లవంగి దిగివచ్చి, "నాన్నా, ఇంత ముసలివాడివైపోయావేం?" అంది. ఆయన బిడ్డను దగ్గరికి తీసుకున్నాడు. అటు పొగడచెట్టు పెద్దన్నైంది, నేరేడు రెండో అన్నైంది, తోటంతా మనుషులే మనుషులు!

లవంగి మనసిచ్చింది, ఉదయసేనుడు మెచ్చాడు. రాజుగారూ రాణిగారూ ఓడెక్కి వచ్చి పెళ్లి చేశారు. ఉదయసేనుడూ లవంగీ ఆ దీవినే రాజ్యంగా చేసుకుని, మనవల పెళ్లిళ్లు కూడా చూసి, ఆకలన్నవాడికి అన్నం పెడుతూ చల్లగా ఏలారు. వాళ్లలాగే మీరూ చల్లగా ఉండండి, పిల్లలూ!