తోడేలు తోలు

మా గురువుగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. అందుకే మాలో చాలామందిమి అడగడం మానేశాం. ఓబులేసు మఠానికి కొత్త. అడిగాడు.

"బిడ్డ నిక్షేపంగా ఉన్నింది స్వామీ. టీకా వేయించినాక ఒళ్లు కాలిపోయింది. రేపు రెండో సూదికి రమ్మంటాండారు. నా పెండ్లాము పోదామంటాది, నాకేమో కాళ్లాడ్డం లేదు. కొరివితో తల గోక్కోవడం కాదా ఇది?" అన్నాడు. ఒక్కగానొక్క కూతురు మరి.

గురువుగారు లేచి, చూరులో దోపిన పాత తోడేలు తోలు తీసి అతని చేతికిచ్చారు. "మేకల దొడ్లో వేసి రాపో" అన్నారు.

దొడ్డికి కాపలా ఉన్న ముసలి కుక్క ఆ ఏడే చచ్చిపోయింది. మిగిలినవి దాని కూనలు, తోడేలును ఎన్నడూ చూడనివి. తోలు పడగానే వాటికి వాసన తగిలింది గానీ ఎవరిని కరవాలో తెలియలేదు. తోలు మీద మొరిగాయి, మేకల మీద మొరిగాయి, ఓబులేసు పంచె పట్టుకుని చింపాయి. కుడితి తొట్టి బోర్లాపడింది. చివరికి ఎలాగో తోలును పట్టి పీకి, నాలుకలు వేలాడేసి పడుకున్నాయి.

"చచ్చిన తోలు కరుస్తాదా స్వామీ? దానికింత రభసా?" అని ఓబులేసు కర్ర ఎత్తాడు.

గురువుగారు అతని చెయ్యి పట్టుకున్నారు. "సాయంత్రం మళ్లీ వెయ్యి" అన్నారు.

మాకేమీ పాలుపోలేదు. బిడ్డ సంగతి అడిగినవాడికి ఈ కుక్కల గొడవేమిటి? ఒకరు ఓర్పు అన్నారు, ఇంకొకరు వైరాగ్యం అన్నారు. నేనైతే గురువుగారికి వయసు మీదపడిందనుకున్నాను.

సాయంత్రం తోలు నేలను తాకిందో లేదో, కూనలు అటూ ఇటూ చూడలేదు. నేరుగా వచ్చి మెడ దగ్గర పట్టి, ఈడ్చి అవతల పారేశాయి. మేకలు నెమరు కూడా ఆపలేదు.

ఓబులేసు చిరిగిన పంచె బిగించుకుని, తోలు తెచ్చి గురువుగారికిచ్చాడు. "అర్థమైనట్టే ఉంది, కానట్టే ఉంది స్వామీ. నిజం తోడేలు వచ్చినప్పుడు అవే నేర్చుకోవా?"

గురువుగారు తోలు దులిపి చూరులో దోపారు. "నేర్చుకుంటాయి నాయనా. అందాకా మేకలు మిగలాలి గదా. రేపు పొద్దున్నే బయల్దేరు, ఎండ ముదిరితే పసిబిడ్డ తట్టుకోలేదు."