తాత పెట్టిన షరతులు

ఇద్దత్ ముగిసినా మాబున్ని గడప దాటలేదు.

భర్త పోయిన ఆడమనిషి కొన్ని నెలలు ఇల్లు కదలకుండా గడిపే గడువును ఇద్దత్ అంటారు. అది తీరాక బయటికి రావచ్చు, పనికి పోవచ్చు, నలుగురితో మాట్లాడవచ్చు. గడువు పెట్టినవాళ్లు దానికొక ముగింపు కూడా ఆలోచించే పెట్టారు. మాబున్నికి మాత్రం గడువు తీరిన రోజుకూ దాని ముందు రోజుకూ తేడా తెలియలేదు.

ఆమె భర్త నాగూరు దూదేకులవాడు. పాత పరుపులు విప్పి, గడ్డకట్టిన దూదిని ఏకి, మళ్లీ కుట్టి ఇచ్చేవాడు. కుందూ నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్లో అతను కుట్టిన పరుపు లేని ఇల్లు తక్కువ. జ్వరం వచ్చి వారం తిరక్కుండా పోయాడు. ఇంట్లో మాబున్ని, ఆమె అత్త పీరమ్మ మిగిలారు.

ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకే దుఃఖం వస్తే ఒకరినొకరు ఓదార్చుకుంటారని మనం అనుకుంటాం. ఒక్కోసారి అలా జరగదు. అత్త ముఖం చూస్తే మాబున్నికి భర్త గుర్తొస్తాడు. కోడలి ముఖం చూస్తే పీరమ్మకు కొడుకు గుర్తొస్తాడు. అందుకని ఒకరు గోడవైపు, ఒకరు తలుపువైపు తిరిగి పడుకునేవాళ్లు. పొయ్యి ఎప్పుడో గానీ వెలిగేది కాదు. పక్కింటి కాశింబీ పంపిన గిన్నె చాలాసార్లు పంపినట్టే తిరిగి వెళ్లేది.

ఒకరోజు పీరమ్మ నీళ్ల బిందె ఎత్తబోయి కూలబడింది. ఊళ్లో సూదులు వేసే డాక్టరు వచ్చి చూశాడు. జబ్బేమీ లేదు, తిండి లేదు అన్నాడు. పోతూ పోతూ మాబున్నిని పక్కకు పిలిచి, ఇట్లాగే ఉంటే ముసలామె చలికాలం దాటదని చెప్పాడు.

ఆ మాట విన్నాక మాబున్ని గడప దాటింది. నేరుగా లాలప్ప తాత దగ్గరికి పోయింది.

లాలప్ప తాత ఊరి చివర చిన్న దర్గాలో ఉండే ముర్షిద్. ముర్షిద్ అంటే గురువు. పెళ్లయిన ఏడాదే నాగూరు, మాబున్ని ఆయన చేయి పట్టుకుని శిష్యులయ్యారు. ఆమె వెళ్లేసరికి ఆయన గుమ్మం ముందు కూర్చుని కోళ్లకు నూకలు చల్లుతున్నాడు.

మాబున్ని తన బాధ చెప్పుకుంది. గుండె మీద తిరగలిరాయి పెట్టినట్టుందనీ, తెల్లారితే లేవబుద్ధి కావడం లేదనీ చెప్పింది. అత్తకు వండిపెట్టాలని తెలుసు, చెయ్యి కదలడం లేదు. ముందు ఈ బరువు దిగితే, తర్వాత అత్తను తానే చూసుకుంటుంది. బరువు దించే గట్టి జిక్ర్ ఏదైనా ఇమ్మని అడిగింది. దేవుడి పేరును మనసు పెట్టి మళ్లీ మళ్లీ పలకడమే జిక్ర్.

తాత చేతిలో మిగిలిన నూకలు కోళ్లకు చల్లేశాడు.

"పొద్దున ఏం తిన్నావు?" అని అడిగాడు.

మాబున్ని ఆలోచించింది. "గుర్తులేదు తాతా."

"మీ అత్త?"

ఆమె తల దించుకుంది.

తాత లోపలికి పోయి ఒక జపమాల తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "యా సలామ్" అని పలకమన్నాడు. శాంతినిచ్చేవాడా అని దాని అర్థం. చాలా గట్టి జిక్ర్ ఇది, అందుకని షరతులున్నాయి అన్నాడు.

"చెప్పు తాతా. ఉపవాసం ఉండమన్నా ఉంటా."

"ఉపవాసమే కూడదు," అన్నాడు తాత. "ఖాళీ కడుపుతో పలికితే ఇది మనసుకు అంటదు. వేడిగా వండుకుని తినాల. ఒక్కదానివే తింటే కూడా అంటదు. అదే పళ్లెంలో ఇంకొకరు చెయ్యి పెట్టాల."

తినడానికి ముందు నీళ్లు పోసుకుని, తల చిక్కు తీసి, నూనె పెట్టి దువ్వుకోవాలన్నాడు. ఆ పేరును ఇంటికప్పు కింద పలకకూడదట, పొద్దుటి ఎండ వీపు మీద పడేచోట కూర్చోవాలట. మాబున్ని అన్నిటికీ తల ఊపుతూ పోయింది. ఆఖరిది వినేసరికి ఆగిపోయింది. జిక్ర్ అయ్యాక వీధిలో ఎవరో ఒకరి గడపకు పోయి, బాగున్నారా అని అడిగి, వాళ్లు చెప్పేది చివరిదాకా వినాలి.

"నన్ను చూస్తే ఏడుస్తారు తాతా."

"ఏడిస్తే విను."

"మన వీధి మస్తానమ్మకు జిక్ర్ ఇచ్చినప్పుడు ఇన్ని షరతులు పెట్టలేదే నువ్వు."

"ఆమెది చిన్న బరువు," అన్నాడు తాత. "దీంట్లో ఒక్కటి తప్పినా ఆ రోజుది లెక్కలోకి రాదు. చూసుకో."

మర్నాడు మాబున్ని పొయ్యి వెలిగించింది. జొన్నరొట్టె కాల్చి, వేరుశనగ ఊరిబిండి పచ్చడి నూరి, పళ్లెం తెచ్చి అత్త ముందు పెట్టింది. పీరమ్మ గోడవైపు నుంచి ఇటు తిరిగింది.

"ఏందే ఇది?"

మాబున్ని షరతు చెప్పింది.

"నీ జిక్ర్ కోసం నేను తినాల్నా?"

"నువ్వు చెయ్యి పెట్టకుంటే నాది లెక్కకు రాదంట అత్తా."

"ఆ ముసలాయనకు పనీపాటా లేదు," అంటూనే పీరమ్మ లేచి గోడకు ఆనుకుంది. రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. మాడిందన్నది. ఊరిబిండిలో కారం చాల్లేదన్నది. అని ఇంకో ముక్క తుంచింది.

మాబున్ని అరుగు మీద ఎండకు వీపు పెట్టి కూర్చుని జపమాల తిప్పింది. ఎండ మొదట వెన్నుకు తగిలింది, మెల్లగా భుజాలకు ఎక్కింది. బరువు ఏమీ దిగలేదు. అయినా షరతు షరతే కదా అని లేచి కాశింబీ గడపకు పోయి, బాగున్నావా అక్కా అని అడిగింది. కాశింబీ కళ్లనీళ్లు పెట్టుకుంది. కాసేపటికి తుడుచుకుని తన మోకాలి నొప్పి గురించీ, మాట వినని కోడలి గురించీ మొదలుపెట్టింది. మాబున్ని చివరిదాకా విన్నది.

ఆ తర్వాత రోజులు అలాగే నడిచాయి. అన్ని రోజులూ ఒక్కలా లేవు. ఒక్కోనాడు నీళ్లు పోసుకోవడానికి లేవడమే కొండ ఎక్కినట్టుండేది. నెలల తరబడి దువ్వని జుట్టు కదా, చిక్కు ఎంతకీ వచ్చేది కాదు. చూసి చూసి పీరమ్మే దువ్వెన లాక్కుంది. "తల అట్లా పీక్కుంటే వెంట్రుక మిగలదు, ఇటు కూర్చో," అన్నది. నాగూరు పోయాక అత్త చెయ్యి ఆమెను తాకడం అదే మొదటిసారి.

వీధిలో విన్నదంతా మాబున్ని మధ్యాహ్నం అత్తకు చెప్పేది. ఎవరి గేదె ఈనిందో, ఎవరింట్లో ఏం గొడవో. పీరమ్మ పైకి అనేది కాదుగానీ, ఆ వేళకు తలుపువైపు తిరిగి కూర్చునేది.

ఒకనాడు మాబున్ని బియ్యంకొట్టు వెంకటసుబ్బయ్య ఇంటికి పోయింది. నాగూరు లేకపోవడంతో ఆయన పక్క ఊరివాడితో పరుపు ఏకించాడట. దాని మీద పడుకుంటే ఉర్లగడ్డల మూట మీద పడుకున్నట్టుందని వాళ్లావిడ చాప వేసుకుందట. తర్వాత ఆయనా చాప మీదికి దిగాడు. ఇంక పరుపు మీద వాళ్ల పిల్లి ఒక్కటే పడుకునేదట.

"నిన్నటి నుంచి పిల్లి కూడా కిందికి దిగిందంట అత్తా," అన్నది మాబున్ని.

పీరమ్మ భుజాలు ముందు కదిలాయి. నవ్వు తర్వాత బయటికి వచ్చింది. మాబున్ని కూడా నవ్వేసింది.

నవ్వుతూ నవ్వుతూ ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు. నాగూరూ అట్లాగే నవ్వేవాడు. ముందు భుజాలు, తర్వాత శబ్దం.

పీరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు తీసి, "వాడుంటే ఆ పరుపును అట్లా వదిలేసేవాడు కాదు," అన్నది. ఇన్నాళ్లకు ఆ ఇంట్లో అతని మాట వచ్చింది. వచ్చాక ఇంక ఆగలేదు. చిన్నప్పుడు దూది కుప్పలో దాక్కుని ఊరంతా వెతికించిన సంగతి తల్లి చెప్పింది. పెళ్లి చూపులనాడు తలనిండా దూదితోనే వచ్చిన సంగతి భార్య చెప్పింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఏడ్చారు.

ముఖం కడుక్కుని వచ్చి పీరమ్మ అన్నది, "ఆ సుబ్బయ్య పరుపు తెప్పించు. మీ మామ నాకూ ఏకడం నేర్పినాడు."

పరుపు వచ్చింది. విప్పి, దూదిని ముంగిట్లో ఎండకు పరిచారు. పీరమ్మ అరుగు మీద కూర్చుని, గడ్డలు ఎట్లా విడదీయాలో కోడలికి చూపిస్తూ, తప్పు చేసినప్పుడల్లా తిడుతూ ఉంది. సూది కోసం లోపలికి పోయిన మాబున్ని గోడ దగ్గర నిలబడిపోయింది.

జపమాల మేకుకు వేలాడుతోంది. పూసల మీద సన్నగా దూది పేరుకుని ఉంది.

దాన్ని చేత్తో పట్టి ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు. అత్తకు సూది ఇచ్చి, జపమాల తీసుకుని దర్గాకు పోయింది. తాత ముందు కూర్చుని దాన్ని నేల మీద పెట్టింది.

"తప్పు చేసినాను తాతా. నీళ్లు పోసుకున్నా. తిన్నా. ఎండలో కూర్చున్నా. గడప గడపకూ పోయినా. పేరు ఒక్కటే మరిచిపోయినా. ఎప్పటి నుంచో కూడా తెలీదు." గొంతు తగ్గించింది. "ఆయన పోయినాక నవ్వకూడదనుకున్నా. నవ్వినాను కూడా."

"మీ అత్త ఏం చేస్తోంది?"

"పరుపు కుడుతోంది. కుట్టు నాకు చేతకాదంట, ముట్టుకోనియ్యడం లేదు."

తాత జపమాల చేతిలోకి తీసుకున్నాడు. పూసల మీది దూదిని వేళ్లతో మెల్లగా తీశాడు.

"మళ్లీ మొదట్నించి మొదలుపెట్టాల్నా తాతా?"

ఆయన జపమాలను ఆమె చేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

"నువ్వు దేవుణ్ని మరిచిపోయినావు, సరే," అన్నాడు. "ఆయన నిన్ను మరిచినాడా?"

మాబున్ని ఆ పిడికిలి తెరవకుండానే లేచి, అత్త దగ్గరికి బయలుదేరింది.