చెప్పుల స్టాండు పక్కన

పేర్రాజుగారిని ప్రశ్న అడగడమంత తెలివితక్కువ పని ఇంకొకటి లేదు. ఆయన జవాబు చెప్పరు. "చెప్పులేసుకో" అంటారు. అడిగిన పాపానికి ఎండలో ఆయన వెంట నడవాలి. రేడియోలో ముప్పై ఏళ్లు రికార్డింగు పని చేసి రిటైరైన మనిషి. ఆ తరవాత కాకినాడలో పాట వినే పిచ్చి ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి స్పీకర్లు అమర్చిపెట్టేవారు. నేను ఆయన దగ్గర రెండేళ్లు వైర్ల సంచీ మోశాను. విద్య ఎంత అబ్బిందో చెప్పలేను గానీ, చెప్పులు మాత్రం నాలుగు జతలు అరిగాయి.

నాతోపాటు చక్రధర్ అని ఇంకో శిష్యుడుండేవాడు. చురుకైనవాడు, పని వచ్చినవాడు, ఆ సంగతి తనకు మరీ బాగా తెలిసినవాడు. ఒకరోజు పొద్దున్నే మొహం వేలాడేసుకుని వచ్చి అడిగాడు.

"గురువుగారూ, కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి, శబ్దం శుభ్రంగా ఉంది. అయినా వినేవాడి మనసుకు ఎక్కడం లేదు. తప్పు ఎక్కడున్నట్టు?"

"ఎవరింట్లో?"

"ప్రకాశం మాష్టారింట్లో."

"చెప్పులేసుకో" అన్నారు పేర్రాజుగారు.

ప్రకాశం మాష్టారు కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. భార్య సుభద్రగారు పోయి ఏడాదిన్నర అయింది. ఆవిడ బతికుండగా ఒక్కరి ముందూ పాడింది లేదు, భర్త ముందు అసలే లేదు. వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం పాడుకునేవారట. ఒకసారి ఆవిడ చెల్లెలు బియ్యం డబ్బా వెనకాల టేప్‌రికార్డరు దాచిపెట్టి, అప్పగింతల పాట ఒకటి ఆవిడకు తెలియకుండా రికార్డు చేసింది. ఆ కేసెట్టు మొన్నీమధ్య బీరువా సర్దుతుంటే మాష్టారి చేతికి దొరికింది. ఇంకేముంది, ముందుగది మొత్తం ఖాళీ చేయించారు. గోడలకు మందపాటి తెరలు, కింద తివాచీ, ఛాతీ ఎత్తు స్పీకర్లు రెండు, వాటికెదురుగా ఒకే ఒక్క కుర్చీ. ఇంత హంగామా ఆ ఒక్క పాట కోసం.

మేం వెళ్లేసరికి మాష్టారు ఆ కుర్చీలోనే ఉన్నారు. చక్రధర్ కొలత టేపు తీసి మాకు చూపించడానికి మళ్లీ కొలిచాడు. స్పీకరు పెట్టెకీ పెట్టెకీ మధ్య ఏడడుగులు, ఒక్కో పెట్టె నుంచి కుర్చీకీ ఏడడుగులే. వెంట్రుకవాసి తేడా లేదు. తరవాత పాట పెట్టాడు.

చెప్పకేం, వాడు గొప్పగానే అమర్చాడు. అమరిక కుదిరితే స్పీకర్లు ఉన్నట్టే తెలియదు. వాటి మధ్య ఉన్న ఉత్త ఖాళీలో మనిషి నిలబడి పాడుతున్నట్టుంటుంది. సుభద్రగారు అలాగే, మాకెదురుగా, ఊపిరి తీసుకోవడం కూడా వినిపించేలా పాడారు. ఆవిణ్ణి ఎప్పుడూ చూడని నాకే ఒళ్లు జలదరించింది.

పాట అయిపోయింది. మాష్టారు మోకాళ్ల మీంచి చేతులు తీయలేదు.

"చాలా బాగా పాడింది" అన్నారు. "ఎవరో గాయని. మా సుభద్ర కాదు."

చక్రధర్ నా వైపు చూశాడు. నేను సంచీ వైపు చూశాను.

"నెల రోజుల్నించి వింటున్నానండీ" అన్నారు మాష్టారు. "కుర్చీ ముందుకు జరిపాను, వెనక్కి జరిపాను. ఎంత స్పష్టంగా వినిపిస్తే అంత పరాయిగా ఉంది. ఒక్కసారి, మా ఇంట్లో పాడినట్టు వినాలి. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు."

పేర్రాజుగారు స్పీకర్ల వైపు కన్నెత్తి చూడలేదు. "ఆవిడ పాడుతున్నప్పుడు మీరెక్కడ ఉండేవారు మాష్టారూ?" అని అడిగారు.

"నేనెక్కడుంటానండీ! నన్ను చూస్తే ఆపేసేది." దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలా మొదలుపెట్టారు. "వీధి మలుపులోనే స్కూటరు ఇంజను ఆపేసేవాణ్ణి. అక్కణ్ణించి తోసుకుంటూ వచ్చి, గేటు గడియ చప్పుడు కాకుండా ఎత్తిపట్టుకుని తీసి, వరండాలో చెప్పుల స్టాండు పక్కన నిలబడేవాణ్ణి. రెండో చరణం దాకా వచ్చేసరికి ఎవడో ఒకడు తగలడేవాడు. పోస్టుమానో, పక్కింటివాడో. గడియ చప్పుడైతే చాలు, టక్కున ఆపేసి 'ఎవరూ?' అనేది. ఇరవై తొమ్మిదేళ్లండీ. ఒక్కనాడూ చివరిదాకా వినలేదు."

"మీరు అక్కడ నిలబడతారని ఆవిడకు తెలుసా?"

"ఏమో. అడగలేదు. అడిగితే ఆ కాస్త కూడా పాడదేమోనని భయం."

పేర్రాజుగారు తలూపారు. "మరి ఈ పాటలో వంటింటి చప్పుడేదీ?"

"తీయించేశానండీ. పోపు చిటపటలు, గిన్నెల మోత, గాజుల చప్పుడు, అన్నీ కంప్యూటర్లో శుభ్రం చేయించాను."

"శుభ్రం చెయ్యనిది ఉందా?"

ఉంది. మాష్టారు అది వెతికి పెట్టేలోగా పేర్రాజుగారు ఆ ఒక్క కుర్చీనీ తనే ఎత్తుకుని వరండాలోకి మోసుకెళ్లి, చెప్పుల స్టాండు పక్కన వేశారు. చక్రధర్ గిలగిల్లాడిపోయాడు.

"గురువుగారూ, అక్కడికి ఏం వినిపిస్తుందండీ! రెండు పెట్టెలూ ఒక్కటై ఏదో మూలనుంచి గొణిగినట్టుంటుంది. నా కొలతలన్నీ దండగ!"

"తలుపు దగ్గరగా వెయ్యి. నాలుగు వేళ్ల సందు ఉంచు" అన్నారాయన.

చక్రధర్ మాష్టారిని వరండాలోకి పంపి, పాట పెట్టి, తలుపు అలాగే వేసి వచ్చాడు. లోపల పాట మొదలైంది. ముందు నూనెలో ఆవాలు చిటపటలాడాయి. ఎక్కడో ఒక మూత కింద పడి గిరగిర తిరిగి ఆగింది. గాజులు గలగలమన్నాయి. ఆ వెనకాల, తలుపు సందులోంచి, ఆవిడ గొంతు పలచగా, సగం సగంగా వచ్చింది. అమ్మాయిని అత్తవారికి అప్పగిస్తూ పాడే మాటలు కొన్ని అందుతున్నాయి, కొన్ని పోపులో కలిసిపోతున్నాయి.

చక్రధర్ కూర్చోమని కుర్చీ చూపించాడు. మాష్టారు చూడలేదు. చెప్పుల స్టాండు మీద ఒక చెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టి, పిల్లి అడుగులేసే మనిషిలా మునివేళ్ల మీద నిలబడ్డారు. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకుంటే చప్పుడవుతుందేమో అన్నట్టు వాటిని అలాగే వదిలేశారు. రెండో చరణం వచ్చింది. ఆయన తల గేటు వైపు తిరిగింది. ఎవరూ రావడం లేదు. లోపల సుభద్రగారు మూడో చరణం ఎత్తుకున్నారు.

పేర్రాజుగారు మాకు సైగ చేశారు. చెప్పులు చేత్తో పట్టుకుని ముగ్గురం మెట్లు దిగాం. గేటు దాటగానే చక్రధర్ ఇక ఉండబట్టలేకపోయాడు.

"మరి తప్పు ఎక్కడున్నట్టు గురువుగారూ?" అంటూ గేటు లాగబోయాడు.

పేర్రాజుగారు వాడి మణికట్టు గట్టిగా పట్టుకుని ఆపారు.

"గడియ చప్పుడు చెయ్యకురా" అన్నారు. "ఆవిడ ఆపేస్తారు."