రెండు దగ్గులు

తాళంచెవి ప్రహ్లాద గుప్పిట్లో ఉంది. ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంది.

మొదటిరోజు అది ఏడుసార్లు దగ్గి ఆగింది. రెండోరోజు పదిహేను. వారం తిరిగేసరికి అతను లెక్కపెట్టడం మానేశాడు. కరెంటు కట్టేసినా, తాళంచెవి ఊడబెరికినా ఆ ఎర్ర కారు షెడ్డు మధ్యలో నిలబడి ఒళ్ళంతా కుదుపుకుంటూ దగ్గేది. రెండు దగ్గులు, కాస్త ఆగడం. మళ్ళీ రెండు దగ్గులు.

అన్న నరహరి గేటు తీసేటప్పుడు సరిగ్గా అలాగే దగ్గేవాడు.

నరహరి పోయి రెండేళ్ళు దాటింది. కారు అతనిదే. రెండు సీట్లు, పైన కప్పు లేదు, అరవై ఏళ్ళ కిందటి సరుకు. ఎవరిదో తోటలో, పాకలో, కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న బండిని ఇంటికి లాక్కొచ్చి, ఆదివారాలన్నీ దానికే ధారపోసి నడిపించాడు. మదనపల్లె దాటి వెళ్ళి హార్సిలీ కొండ ఘాట్ రోడ్డు పదకొండు నిమిషాల్లో ఎక్కేవాడు. "దీన్ని పది లోపలికి తేవాల రా," అని తమ్ముడికి ఫోన్లో చెప్పేవాడు. తేకుండానే పోయాడు. మూడంటే మూడు రోజుల జ్వరం. తమ్ముడు అప్పుడు పూణేలో ఉద్యోగం చేస్తున్నాడు. వానలకు రైళ్ళు నిలిచిపోయి, అతను ఇల్లు చేరేసరికి అస్థికలు కూడా నీళ్ళలో కలిపేశారు. ప్రహ్లాద అన్న ముఖం చూడలేదు.

ఆ బాధ మనిషిని ఎక్కడా నిలవనివ్వలేదు. ఉద్యోగం వదిలేసి వచ్చి, అన్న పని నేర్చుకున్న ఖాసిం పీరయ్య దగ్గరే చేరాడు. దూదేకుల ముసలాయన. డెబ్బై దాటినవాడు. ఊళ్ళో మేస్త్రీలందరూ ఆయన్ని ఉస్తాదు అంటారు. నరహరి రోజూ ఆఫీసు పని అవగానే వచ్చి, ఎనిమిదేళ్ళు ఆయన పక్కన కూర్చున్నాడు. ఉస్తాదు మాటలు తక్కువ మనిషి. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆయన నోటి నుంచి రాలిన మాటలు ఏరితే ఒక పోస్టుకార్డు కూడా నిండదు.

రెండేళ్ళు పని నేర్చాక ప్రహ్లాద అన్న కారు ముట్టుకున్నాడు. ఇంటి వెనక పట్టుపురుగుల షెడ్డు ఖాళీగా ఉంది. పురుగులు పెంచడం మానేసి చాలా కాలమైంది కానీ వెదురు తట్టలు అలాగే అరల్లో ఉన్నాయి. ఇంజన్ ముక్కముక్కా విప్పి ఆ తట్టల్లోనే వరసగా పేర్చుకున్నాడు. ఒకప్పుడు పురుగులు ఆకు మేసిన చోట ఇప్పుడు పిస్టన్లు, వాల్వులు పడుకున్నాయి.

ఇంజన్ బలం పెంచాలంటే పైనున్న హెడ్డును కింది వైపు పల్చగా కోయిస్తారు. లోపలి చోటు ఇరుకవుతుంది, మంట గట్టిగా తంతుంది. ఎంత కోయాలని ప్రహ్లాద అడిగితే ఉస్తాదు ఒక్క వేలు చూపించాడు.

"ఒక్క కోత. ఆ తర్వాత అంచులు రుద్దు. వేలికి తగలకుండా పోయేదాకా రుద్దు."

ప్రహ్లాద మూడు కోతలు కోయించాడు. అంచులు రుద్దలేదు. పదకొండు నిమిషాలు అతని తలకెక్కి కూర్చున్నాయి, వాటితో పాటు ఇంకేం పడుతుంది? గాలి వడపోసే డబ్బాలు కూడా అడ్డమని పీకి పారేశాడు. కార్బురేటర్ల నోళ్ళు రెండూ బోసిగా తెరుచుకుని ఉండిపోయాయి.

కొండ తొమ్మిదిన్నర నిమిషాల్లో ఎక్కాడు. పైన గాలిబంగళా దగ్గర దిగి ఏడ్చాడు. ఇంటికొచ్చి షెడ్డులో పెట్టి తాళం తిప్పాడు. ఇంజన్ ఆగలేదు.

ఎందుకు ఆగలేదో అతనికి తెలుసు. పొయ్యి కట్టేశాక కూడా పెనం మీద ఆఖరి దోసె కాలుతుంది కదా, అంతే. రుద్దని అంచులు లోపల ఎర్రగా కాలి, నిప్పు అక్కర్లేకుండా తామే అంటిస్తున్నాయి. పని నేర్చుకునే వాళ్ళెవర్ని అడిగినా చెప్తారు. హెడ్డు విప్పి ఒక పూట పని చేస్తే పోతుంది.

అతను విప్పలేదు. రోజూ సాయంత్రం నాలుగింటికి స్టార్ట్ చేయడం, తాళం తీసేయడం, కూర్చుని వినడం. ఉస్తాదు దగ్గరికి వెళ్ళడం మానేశాడు.

ఇంతలో వదిన కూడా విన్నది.

వారిజ అతనికి వదినే కానీ, తల్లి లేని ఆ ఇంట్లో అతన్ని పదో తరగతి నుంచి సాకిన మనిషి. వంటింట్లోంచి పరుగున వచ్చి షెడ్డు గుమ్మంలో ఆగిపోయింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి, ఇంజన్ దగ్గడం ఆగిపోయేదాకా వింది. తర్వాత వెళ్ళిపోయింది. ప్రహ్లాద నోరు తెరిచి, అంచుల సంగతి చెప్పబోయి, చెప్పలేక మూసుకున్నాడు.

మర్నాడు నాలుగింటికి రెండు గ్లాసులతో కాఫీ తెచ్చింది. ఒకటి అతని చేతికిచ్చింది. రెండోది కారు మడ్‌గార్డు మీద పెట్టింది. చల్లారకుండా దాని మీద ఒక మడత కాగితం కప్పింది.

ప్రహ్లాద కాదనలేదు. నిజం చెప్పాలంటే, ఆ గ్లాసు ఇంజన్ దగ్గుకి సన్నగా వణుకుతుంటే, ఎవరో తాగబోతున్నట్టే అనిపించింది అతనికి.

ఆ కాగితం ఏమిటో నాలుగో రోజున చూశాడు. నరహరి గుమాస్తాగా చేసిన శాఖలో, అతని చోట వారిజకు ఉద్యోగమిస్తూ వచ్చిన ఉత్తర్వు. రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగితే వచ్చింది. పదిహేను రోజుల్లో వాయల్పాడు వెళ్ళి చేరాలి. లేకపోతే పోయినట్టే.

"ఎప్పుడు చేరతావు వదినా?"

"అక్కణ్ణించి తిరిగి రావడానికి సాయంత్రం ఆరున్నర దాకా బస్సుండదంట," అంది ఆమె. "నాలుగింటికి ఇంట్లో ఎవరుంటారు మరి?"

అయినా మర్నాడు నాలుగింటికి మళ్ళీ స్టార్ట్ చేశాడు. ఆమె మళ్ళీ రెండు గ్లాసులు తెచ్చింది. అలా గడువులో పద్నాలుగో రోజు వచ్చింది.

ఆరోజు మధ్యాహ్నం నుంచి ముసురు. కొండ మబ్బులో మునిగిపోయింది. ప్రహ్లాద సీట్లో కూర్చున్నాడు, ఇంకా తాళంచెవి పెట్టనే లేదు. ఇంజన్ చల్లగా ఉంది.

గేటు దగ్గర రెండు దగ్గులు వినిపించాయి.

అతను కదల్లేకపోయాడు. వంటింట్లో ఏదో గిన్నె కింద పడి, గిరగిరా తిరిగి ఆగింది. గేటు గొళ్ళెం తీసిన చప్పుడు. తడి నేల మీద అడుగులు షెడ్డు వైపే వచ్చాయి.

గుమ్మంలోకి వచ్చింది ఖాసిం పీరయ్య. గొడుగు ముడిచి గోడకు ఆనించి, కాళ్ళు గోనెపట్టాకు తుడుచుకున్నాడు.

"మీరా ఉస్తాద్," అన్నాడు ప్రహ్లాద.

వర్క్‌షాప్‌లో ఆయన దగ్గడం ప్రహ్లాద ఎప్పుడూ వినలేదు. పరాయి గడప తొక్కేముందు, లోపల ఆడవాళ్ళుంటారని గొంతు సవరించుకునే పాతకాలం మర్యాద అది. ఉస్తాదు వాళ్ళింటికి రావడం ఇదే మొదలు.

ముసలాయన తట్టల వంక చూశాడు. బానెట్ తీసి ఉన్న ఇంజన్ వంక చూశాడు. బోసినోళ్ళ కార్బురేటర్ల వంక కొంచెం ఎక్కువసేపు చూశాడు.

"తొమ్మిదిన్నర నిమిషాల్లో ఎక్కినా ఉస్తాద్," అన్నాడు ప్రహ్లాద, ఆయన అడగకముందే.

"ఎక్కింది సరే. ఆగిందా?"

ప్రహ్లాద తాళంచెవి పెట్టాడు.

"స్టార్ట్ చెయ్యి."

ఇంజన్ గర్జించింది. అరల్లో ఖాళీ తట్టలు గలగలమన్నాయి. ఉస్తాదు సుత్తి పిడి ఒక కొస ఇంజన్‌కీ, ఇంకో కొస చెవికీ ఆనించి కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి చెయ్యి ఊపాడు.

"ఆపు."

ప్రహ్లాద తాళం తిప్పి, చెవి బయటికి తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు. గర్జన పోయింది. దగ్గు మొదలైంది.

అప్పుడే వారిజ వచ్చింది, రెండు గ్లాసులతో. ఉస్తాదును చూసి తడబడింది కానీ ఆగలేదు. ఒక గ్లాసు ప్రహ్లాదకిచ్చింది. రెండోది మడ్‌గార్డు మీద పెట్టి, కాగితం కప్పింది. గ్లాసు వణికింది.

ఉస్తాదు ఆ గ్లాసును చూశాడు. కాగితం తీసి, దూరంగా పట్టుకుని, పెదాలు కదుపుతూ చదివాడు. తేదీ దగ్గర బొటనవేలు ఆనించి కాసేపు ఆగాడు. మడత పెట్టి ఆమె చేతికిచ్చాడు. తర్వాత గ్లాసు తీసుకుని కాఫీ తాగడం మొదలుపెట్టాడు.

"పెద్దాయనా, అది..." అంది వారిజ.

"తెలుసమ్మా. రెండు చెంచాల చక్కెర. ఎనిమిదేండ్లు నా పక్కన కూసోని తాగినాడు." ఆయన ఇంకో గుక్క తాగాడు.

కాఫీ అయిపోయింది. ఇంజన్ దగ్గుతూనే ఉంది. ఇంతసేపు ఎప్పుడూ తిరగలేదు.

"ఎవరు తిప్పతాండారు దాన్ని?" అని అడిగాడు ఉస్తాదు.

"మూడు సార్లు కోయించినా ఉస్తాద్. అంచులు రుద్దలేదు. అవి ఎర్రగా కాలి..."

"అది నేను అడగలే."

ముసురు రేకుల మీద సన్నగా పడుతోంది. రెండు దగ్గులు, కాస్త ఆగడం. రెండు దగ్గులు. ప్రహ్లాద వదిన వంక చూడకుండా చెప్పాడు.

"అన్న."

ఉస్తాదు నవ్వలేదు. తిట్టలేదు. మామూలు సంగతి విన్నట్టు తల ఊపాడు.

"అయితే నువ్వే మూయి," అని కార్బురేటర్ నోరు చూపించాడు. "నేను ముట్టను. నీ చెయ్యే పెట్టల్ల."

ప్రహ్లాద చెయ్యి చాచాడు. అది గాల్లోనే ఆగిపోయింది. ఆ రోజు రైళ్ళు నిలిచిపోకపోయి ఉంటే ఎవరో ఒకరు ఇలాగే చెప్పి ఉండేవాళ్ళు, తమ్ముడివి నువ్వే కళ్ళు మూయాలి అని. అతను మూసేవాడు. రెండేళ్ళుగా ఆ చెయ్యి అలా గాల్లోనే ఉందని అతనికి అప్పుడు తెలిసింది.

అరచెయ్యి నోటికి ఆనించాడు.

కాలుతుందనుకున్నాడు. చల్లగా ఉంది. అంత వేడి ఇంజన్ లోపలి నుంచి మంచులాంటి ఊపిరి అతని అరచేతిని పట్టుకుని లోపలికి లాగింది. గట్టిగా లాగింది. కారు ఊగిపోయింది. అయినా దగ్గు ఆగలేదు. రెండో నోటితో గాలి పీలుస్తోంది.

"ఇంకోటి ఉండాది," అన్నాడు ఉస్తాదు.

ప్రహ్లాద ఎడమ చేతి గుప్పిట్లో తాళంచెవి ఉంది. ఆ గుప్పిట తెరుచుకోలేదు. ఎంత ప్రయత్నించినా తెరుచుకోలేదు.

వారిజ కాగితాన్ని జాకెట్లో దోపుకుంది. కారు చుట్టూ తిరిగి అతని పక్కకు వచ్చింది. గాజులు వెనక్కి తోసుకుని, కళ్ళు మూసుకుని, తన అరచెయ్యి రెండో నోటి మీద పెట్టింది. ఆమె ఉలిక్కిపడటం అతని భుజానికి తెలిసింది.

"చల్లగా ఉన్నాడు," అంది.

ఇంజన్ ఒక్కసారి ఇద్దరి చేతుల్నీ బలంగా లాగింది. ఒక దగ్గు వచ్చింది. రెండోది రాలేదు.

షెడ్డులో అంత నిశ్శబ్దం ప్రహ్లాద ఎప్పుడూ వినలేదు. కాసేపటికి బయట మల్బరీ ఆకుల మీద చినుకులు పడే చప్పుడు వినిపించింది. ఒకప్పుడు పట్టుపురుగులు ఆకు మేస్తుంటే ఆ షెడ్డులో అదే చప్పుడు ఉండేది. ఇద్దరూ చేతులు తీయలేదు. ఉస్తాదు తీయమనలేదు.

చివరికి వారిజ చెయ్యి తీసి, అరచేతిలో గుండ్రంగా పడిన ఎర్రటి అచ్చు చూసుకుంది. ఏడ్చింది. దాచుకోకుండా, వాకిట్లో అందరి ముందూ ఏడ్చినట్టు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, "పొద్దున వాయల్పాడు బస్సు ఎన్నింటికి?" అని అడిగింది.

"ఎనిమిదికి," అన్నాడు ప్రహ్లాద.

ఉస్తాదు గొడుగు తీసుకున్నాడు. ప్రహ్లాద గేటు దాకా వెంట వెళ్ళాడు.

"హెడ్డు విప్పి తీసుకురా. అంచులు రుద్దుదాం. కింద మందం రేకు వేసి లోపల చోటు పెంచుదాం."

"బలం తగ్గుతుంది ఉస్తాద్."

"ఆగుతుంది," అన్నాడు ముసలాయన.

మర్నాడు ఎనిమిదింటికి వదినను బస్సెక్కించాడు ప్రహ్లాద. కిటికీలోంచి ఆమె చెయ్యి ఊపితే అరచేతిలో అచ్చు ఇంకా లేతగా కనిపించింది. ఇంటికొచ్చి హెడ్డు విప్పాడు. గోనెలో చుట్టి భుజాన వేసుకుని, రెండు వారాలు దాటాక వర్క్‌షాప్‌కి నడిచాడు.

ఉస్తాదు అటు తిరిగి, ఒక పాత లారీ ఇంజన్ మీద వంగి ఉన్నాడు. ప్రహ్లాద గడప దగ్గర ఆగాడు. ఇన్నాళ్ళు రాకుండా ఉన్న సిగ్గు గొంతుకు అడ్డం పడింది. తను దగ్గాలని అనుకోలేదు. గొంతు దానంతటదే కదిలింది.

రెండుసార్లు.

లారీ ఇంజన్ మీద ముసలి చేతులు ఆగిపోయాయి. ఆయన వెంటనే వెనక్కి తిరగలేదు.

"వచ్చినావా నాయనా," అన్నాడు.