అయిదో అడుగు

కొండ నడుమున నున్నటి పరుపుబండ, దాని దిగువన ఓ చెలమ. ఎండాకాలంలో ఆ అడవి మొత్తానికి అవే నీళ్లు. అందుకే ఏటా మాఘమాసంలో, పొగమంచు విడవకముందే, అక్కడ పందెం పెట్టేవారు. ఎవరు పెట్టుకున్న గుర్తు దగ్గర వాళ్లు మొదలుపెట్టి నాలుగడుగులు నడవాలి, చేయి ఊపాలి, గీత దాటకుండా గుండ్రాయి దొర్లించాలి. దిగువన నిలబెట్టిన తొమ్మిది రాళ్లూ ఒక్క దెబ్బకు పడితే ఆ ఏడు చెలమ వాళ్లది. పడకపోతే పాతవాళ్లదే.

మూడేళ్లుగా పాతవాడు నక్క.

ఓడినవాళ్లందరిదీ ఒకటే మాట. "నాలుగడుగులే వేశాను. పక్కన అయిదోది వినబడింది!" తిరిగి చూస్తే మంచు తప్ప ఏమీ ఉండదు. ఆ వణుకుకి చేయి తప్పేది, రాయి ఎటో పోయేది. కిందటేడు అడవిపంది అంతటిది గుండ్రాయి వదిలేసి పారిపోయింది.

"బండ పక్కన, గీత దాటగానే వచ్చే లోయలో పడి చచ్చిన దుమ్ములగొండి ఉంది చూడండి, అదే తిరుగుతోంది," అని నక్క గొంతు తగ్గించి చెప్పేది. అసలే అనుమానం పెనుభూతం. దానికి నక్క నోరు తోడైతే ఇక చెప్పేదేముంది!

ఈ ఏడు పందేనికి ఎలుగమ్మ వచ్చింది. పోయిన వేసవిలో నక్క నీళ్లు ముట్టనివ్వక ఆమె పిల్లల్లో ఒకటి నాలుక పిడచకట్టి ప్రాణం వదిలింది. ఇంకా రెండున్నాయి.

మూడు రోజులు బండ మీద సాధన చేసింది. తుప్పలో నక్క పడుకుని ఆ అడుగులు లెక్కపెట్టుకుంది. నాలుగో రోజు నక్క ఇక చాలనుకుని వెళ్లిపోయాక, ముసలి తాబేలు మెడ బయటపెట్టింది.

"ఏం తల్లీ, రాయి విసురుతున్నావా, రాయి మీద కోపం తీర్చుకుంటున్నావా?"

"ఎంత బలంగా వేసినా పక్కకే పోతోంది తాతా."

"బలం వేస్తున్నావు కాబట్టే పోతోంది. చేతిని ఉయ్యాలలా వదిలెయ్. వెనక్కి అదే వెళ్తుంది, ముందుకు అదే వస్తుంది. నువ్వు అడ్డు రాకుండా ఉంటే చాలు."

"మరి కాళ్లు?"

"పెద్ద అంగలు వేస్తున్నావు. చేయి వచ్చేసరికి కాలు వెళ్లిపోతోంది. అడుగు కురచ చెయ్యి. గుర్తు రెండు అంగలు ముందుకు జరుపుకో. మొదటి అడుగుతోనే రాయిని ముందుకు చాపు, ఆఖరి అడుగు జారనివ్వు."

పొద్దు వాలేదాకా నడిచింది. ఆఖరికి రాయి తిన్నగా పోయింది. అయినా ఎలుగమ్మ గుండె కుదుటపడలేదు.

"తాతా, ఆ అయిదో అడుగు వినబడితే?"

"అది నీదా?"

"కాదు."

"నీది కాని అడుగుతో నీకేం పనమ్మా?"

పందెం నాడు మంచు ఎంత దట్టంగా ఉందంటే, ఎలుగమ్మకు తన చేతిలో రాయే కనబడలేదు. జంతువులన్నీ దిగువన ఉన్నాయి. కాసేపటికి ఎడమ పక్కన, లోయ వైపు, ఎవరో ఊపిరి తీసినట్టనిపించింది. పిల్లలు గుర్తొచ్చాయి. పారిపోకుండా నిలబడింది.

ఒకటి. రాయి ముందుకు చాపింది. పక్కన కూడా ఒకటి.

రెండు. చేయి వెనక్కి వెళ్లింది. పక్కన రెండు.

మూడు. పక్కది ఇప్పుడు కాస్త ముందునుంచి వినబడింది.

నాలుగో అడుగు జారింది. చేయి దానంతట అది ముందుకు వచ్చింది.

అప్పుడు పడింది అయిదో అడుగు. ఎలుగమ్మ తల తిప్పలేదు, రాయి వదిలింది. అయితే ఆ అడుగు కింద బండ లేదు. గోళ్లు రాతిని గీరిన చప్పుడు, తర్వాత ఏమీ లేదు.

దిగువన తొమ్మిది రాళ్లూ ధనధనమంటూ కూలాయి. లోయలోంచి సన్నగా మూలుగు వస్తోంది.

"వదినా... చెయ్యందించు వదినా..."

"దెయ్యానికి మన నక్క గొంతు ఎలా వచ్చిందర్రా?" అంది ముళ్లపంది.

మంచు విడిచాక చూశారు. లోయ అంచున ముళ్లకంప పట్టుకుని నక్క వేలాడుతోంది. మూడు రోజులు కొలుచుకున్న పాత అంగల లెక్కనే, మంచులో ఆమె పక్కన నడిచింది. ఆమె మొదలుపెట్టిన చోటు మారిందనీ, అడుగు కురచైందనీ దానికి తెలియదు. పాత చోటు నుంచైతే దాని అయిదో అడుగు లోయ అంచుకు ఇవతలే పడేది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల!

"తాతా, నీకు ముందే తెలుసా?" అంది ఎలుగమ్మ.

"నాకు నడక తెలుసు. దెయ్యాల సంగతి తెలియదు," అని తాబేలు మెడ లోపలికి లాక్కుంది.

ఆ ఎండాకాలం నక్క కూడా చెలమకు వచ్చింది, విరిగిన కాలు ఈడ్చుకుంటూ, అందరి వెనక. ఎలుగమ్మ దాన్ని చూసింది. చచ్చిన పిల్ల కళ్లముందు మెదిలింది.

"తాగు," అంది చివరికి. "ఇకమీదట మాత్రం చప్పుడు చేసుకుంటూ రా."

ఎదుటివాడి తప్పడుగును నమ్ముకుని నడిచేవాడికి, వాడు అడుగు దిద్దుకున్ననాడే లోయ.