జాడీల గదిలో మందుసీసా

తణుకులో ఊరగాయలు పెట్టి అమ్మే మాణిక్యాంబకు ఏ వస్తువునూ పారేయడం చేతకాదు. ఆవిడ పెట్టిన మాగాయ ఎన్నాళ్ళున్నా రంగు మారేది కాదు. అందుకని లోకంలో ఏదైనా సరే, గట్టిగా మూత పెడితే నిలవుంటుందని ఆవిడ నమ్మకం. చేతిపని మీద గర్వం ఉండాల్సిందే కాని, ఆవిడది కాస్త మోతాదు మించింది.

ఒక చలికాలంలో మనవరాలు శ్రావ్యకు చెవిలో చీము పట్టింది. డాక్టర్ సులోచన సెఫలోస్పోరిన్ జాతి యాంటీబయాటిక్ మందు రాసింది. సీసాలో పొడి ఉంటుంది. కాచి చల్లార్చిన నీళ్ళు గీతదాకా పోసి, కుదిపి తాగించాలి. చెప్పిన రోజులన్నీ వాడాక చెవి నయమైంది, మందు కొంత మిగిలింది. కోడలు హైమ పారేయబోతే మాణిక్యాంబ లాక్కుంది.

"బంగారంలాంటి మందు! నేను దాస్తే ఏడాదైనా చెడదు," అంటూ మూతకు గుడ్డ చుట్టి జాడీల గదిలో పెట్టింది.

మామిడికాయల రోజుల్లో శ్రావ్యకు మళ్ళీ చెవిపోటు, జ్వరం వచ్చాయి.

"డాక్టరు గారికి చూపిద్దాం అత్తయ్య గారూ," అంది హైమ.

"అదే చెవి, అదే మందు. ఇంట్లో ఉండగా ఆస్పత్రి ఎందుకే?"

పాత మందే తాగించింది. మర్నాడూ తాగించింది. జ్వరం తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. సాయంత్రం ఆవిడ ఎంత పిలిచినా పిల్ల తల తిప్పలేదు. భుజం తడితే, "మామ్మా, నీ మాట వినబడట్లేదు," అని ఏడ్చింది. మాణిక్యాంబ ఊరగాయ పని ఎక్కడిదక్కడ వదిలేసి, కోడలితో కలిసి పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

హైమ వెంట తెచ్చిన సీసా చూసి డాక్టర్ తల పట్టుకుంది. "పొడిగా ఉన్నప్పుడే దీనికి నిలవ, మామ్మగారూ. నీళ్ళు పడ్డాక కొద్ది రోజులే పనిచేస్తుంది."

"అయ్యో! తడిగరిట పెట్టిన జాడీ అన్నమాట!"

"అచ్చం అంతే. చెవికీ, గొంతుకీ, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కీ కూడా ఈ జాతి మందులు ఇస్తాం. కాని ఎవరికి ఏది, ఎన్నాళ్ళు అన్నది చూశాకే చెప్పగలం. ఇంకా ఆలస్యం చేస్తే వినికిడికే ముప్పు వచ్చేది."

కొత్త మందు మొదలైంది. హైమ వేళ తప్పకుండా తాగించింది. జ్వరం దిగింది, చెవి మెల్లగా తేరుకుంది. ఒకరోజు పొద్దున్నే మాణిక్యాంబ అలవాటుగా గొంతెత్తి పిలిస్తే, శ్రావ్య రెండు చెవులూ మూసుకుంది.

"అంత అరుస్తావేంటి మామ్మా, వినబడుతోందిగా!"

ఇంతకంటే తీయని తిట్టు ఆవిడ జన్మలో వినలేదు. మనవరాలిని దగ్గరికి లాక్కుని నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

నీతి: మన పనిలో మనం ఎంత ఘనులమైనా, తెలియని పనిలో తెలిసినవాళ్ళని అడగాలి. మందుల విషయంలో అయితే మరీనూ.